సానియా మీర్జా: ఒక క్రీడాజీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో టెన్నిసు క్రీడాకారిణిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును బంతికిని పొత్తెక్కడిది? అయినను ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన కాలమున, అనగా ఇరువదియైదేండ్ల క్రిందట, హైదరాబాదులో పదునాలుగేండ్ల బాలిక యొకతె ర్యాకెట్టు చేతబట్టి దినదినము కోర్టునకు పోవుచుండెను. ఆనాడు ఈ ప్రాంతమున ఆమె పేరెరిగినవారు అరుదు. కొలది సంవత్సరములలోనే పఠనమందిరమునకు వచ్చు దినపత్రికలలో మొదట క్రీడల పుటను తెరచు అలవాటును ఎందరికో ఆమె కలిగించెను. ఆమెయే సానియా మీర్జా. గ్రంథాలయపు వయస్సును ఆమె క్రీడాజీవితమును ఇంచుమించు ఒకే కాలములో సాగినవి. కావున ఈ సభలో ఆమె కథ చెప్పుకొనుట అసందర్భము కాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో టెన్నిసు అంతగా వ్యాప్తిలో లేదు. ఇచ్చటి బాలికలు తొక్కుడుబిళ్ళను, ఖోఖోను, కబడ్డీని ఎరుగుదురు. కావున ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మేలు. టెన్నిసు కోర్టు 78 అడుగుల పొడవుండును. ఒక్కొక్కరు ఎదురెదురుగా నిలిచి ఆడునది సింగిల్స్. దానికి వెడల్పు 27 అడుగులు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడునది డబుల్స్. దానికి ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చి 36 అడుగుల వెడల్పు చేయుదురు. స్త్రీ పురుషులు జతగా ఆడునది మిక్స్‌డ్ డబుల్స్. నడుమ కట్టిన వల మధ్యభాగమున 3 అడుగుల ఎత్తుండును. బంతి ఆవలివారి హద్దులో పడవలెను. వారు దానిని రెండవసారి నేల తాకకముందే తిరిగి కొట్టవలెను. ఇంతే ఆట. కాని ఈ స్వల్ప నియమములలోనే కాళ్ల వేగమును, కంటి చూపును, చేతి నేర్పును, మనస్సు నిలకడయు పరీక్షకు వచ్చును. మెల్‌బోర్న్, పారిస్, లండను నగరములోని వింబుల్డన్, న్యూయార్కు అను నాలుగు చోట్ల ఏటేట జరుగు పోటీలను గ్రాండ్ స్లామ్ పోటీలందురు. టెన్నిసు లోకమున వీటిని మించిన గౌరవము లేదు.

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించెను. ఆమె శైశవమందే కుటుంబము హైదరాబాదునకు వచ్చి స్థిరపడెను. ఆరవ యేట ఆమె ర్యాకెట్టు పట్టెను. తొలినాటి గురువులలో ఒకరు సి. జి. కె. భూపతి, తరువాత తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు ప్రధాన శిక్షకుడయ్యెను. ఆనాటి హైదరాబాదులో సిమెంటు కోర్టులు సులభముగా లభింపలేదు. ఆవుపేడతో అలికిన కోర్టులపై తాను ఆట నేర్చితినని ఆమె పలుమార్లు చెప్పుకొనెను. మన ముంగిళ్లను అలుకు పేడయే ప్రపంచవిజేతకు తొలి ఆటస్థలమైనదని వినుట ఇచ్చటి వారికి వింతగాను, సంతోషముగాను ఉండక మానదు. నాస్ర్ పాఠశాలలోను, పిదప సెయింట్ మేరీస్ కళాశాలలోను చదువు సాగించుచునే ఆమె ఆటను విడువలేదు. ఆడపిల్ల ఎండలో ఆడిన మేనిచాయ మాసిపోవును, పెండ్లి కష్టమగును అను మాటలు ఆ ఇంటి పెద్దల చెవిని పడకపోలేదు. వారు ఆ మాటలు విని ఊరకుండిరి. బిడ్డను మాత్రము కోర్టునకు పంపుట మానలేదు.

2002లో దక్షిణ కొరియాలోని బుసాన్ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో లియాండర్ పేస్‌తో కలసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యపతకము గెలిచినప్పుడు ఆమెకు పదునారేండ్లు నిండలేదు. 2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కూడి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచెను. ఆ సంవత్సరమే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు పొందెను. 2004లో లీజెల్ హ్యూబర్‌తో కలసి హైదరాబాదు ఓపెన్ డబుల్స్ గెలుచుటతో వృత్తి క్రీడలో ఆమెకు తొలి బిరుదము లభించెను.

2005వ సంవత్సరము ఆమెను ఇంటింట తెలిసిన వ్యక్తిని చేసెను. జనవరిలో ఆస్ట్రేలియా ఓపెన్ మూడవ ఘట్టమునకు చేరి సెరెనా విలియమ్స్‌తో తలపడెను. 1-6, 4-6 తేడాతో ఓడినను, రెండవ సెట్టులో ఆమె చూపిన తెగువను చూచినవారు మరువలేదు. ఫిబ్రవరి 12న హైదరాబాదులోనే, తన ఊరివారి కన్నులయెదుట, ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొందరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి డబ్ల్యూ.టి.ఏ. సింగిల్స్ బిరుదము గెలిచిన తొలి భారతీయ మహిళ యయ్యెను. మరుసటి మాసమున దుబాయిలో, అప్పటి అమెరికా ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించెను. దుబాయి పేరు వినని ఇల్లు జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో లేదు. ఎందరి తండ్రులో, అన్నదమ్ములో ఆ ఎడారి ఎండలో కట్టడముల పనిచేసి ఇంటికి డబ్బు పంపిరి. వారు చెమటోడ్చుచున్న ఊరిలోనే తెలంగాణ బిడ్డ యొకతె లోకమెరిగిన విజేతను గెలిచినదను వార్త వారికి ఎంత ఊరట కలిగించి యుండునో ఊహింపవచ్చును. ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా ఓపెన్ నాలుగవ ఘట్టమునకు చేరెను. గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో అంత దూరము పోయిన భారతీయ మహిళ అంతకుముందు లేదు.

కీర్తితోపాటు కష్టములును వచ్చినవి. ఆమె ధరించు క్రీడాదుస్తులను గూర్చి ఆ సంవత్సరమే వివాదము రేగెను. ఆమె ఆటను గూర్చి వ్రాయవలసినచోట ఆమె గౌను పొడవును గూర్చి వ్రాసినవారు కలరు. 2008లో వివాదములతో విసిగి బెంగుళూరు పోటీలో ఆడనని ప్రకటింపవలసి వచ్చెను. ఇరువది రెండేండ్లైనను నిండని యువతి భుజములపై ఇంత బరువు మోపుట న్యాయమా యని ఆనాడు ప్రశ్నించినవారు కొద్దిమందియే. పురుష క్రీడాకారుని ఇట్టి ప్రశ్నలు అడుగరు. ఇది ఒక్క సానియాకు మాత్రమే చెందిన కష్టము కాదు. సైకిలెక్కి పాఠశాలకు పోవు ప్రతి బాలికకును చిన్న కొలతలో తెలిసిన కష్టమే.

2007 ఆగస్టులో సింగిల్స్ వరుసలో ఆమె ప్రపంచమున 27వ స్థానమునకు ఎక్కెను. ఇంక మీదికే మార్గమని అందరును తలచిరి. అప్పుడే కుడిచేతి మణికట్టు మొరాయించెను. 2008లో దానికి శస్త్రచికిత్స జరిగెను. బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో తొలి ఆటయందే నొప్పి తాళలేక మధ్యలో విరమింపవలసి వచ్చెను. తల దువ్వుకొనుటకైనను చేయి సహకరింపని దినములు తన కుండెననియు, మనస్సు మిక్కిలి క్రుంగెననియు ఆమె పిదప దాచకుండ చెప్పెను.

మణికట్టు నొప్పి యన నేమో ఈ సభలోని స్త్రీలకు వివరింప నక్కరలేదు. కోరుట్లలోను, జగిత్యాలలోను, సిరిసిల్లలోను తెల్లవారినది మొదలు బీడీలు చుట్టు తల్లులెందరో కలరు. చేయి ఆడినంతవరకే కూలి. వ్రేళ్లు తిమ్మిరెక్కిన దినమున చాటలో ఆకు మిగిలిపోవును, ఇంట గింజ తగ్గిపోవును. సాంచెల మీద రాత్రింబవళ్లు నిలిచి పనిచేయు నేతకార్మికులకును ఇది తెలిసిన సంగతియే. చేతి బలముమీద బ్రతుకువారికి చేయి చెడుట యన బ్రతుకు తెన్ను చెడుటయే. ఆ దశలో మనిషి ఏమి చేయునన్నదియే ఈ కథలో ముఖ్యవిషయము.

సానియా మొదట మొండికి పోయి పాత త్రోవనే పట్టుకొనెను. 2009 జనవరిలో మహేశ్ భూపతితో కలసి ఆస్ట్రేలియా ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి, గ్రాండ్ స్లామ్ బిరుదము పొందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో సింగిల్స్ రజతమును, 2012లో మరల భూపతితోనే ఫ్రెంచి ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌ను గెలిచెను. కాని మణికట్టుతోపాటు మోకాళ్లకును శస్త్రచికిత్సలు జరిగిన శరీరము సింగిల్స్ పరుగును మోయలేకపోయెను. 2013లో ఆమె సింగిల్స్ విడిచి డబుల్స్‌కే తన శక్తినంతయు అంకితము చేయుటకు నిశ్చయించెను.

ఇది ఓటమి యని కొందరు పలికిరి. సింగిల్స్‌లో ఉన్నంత పేరు, ధనము డబుల్స్‌లో లేవు. కాని తన శరీరము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఎరిగి, చేయగల పనిలో శిఖరమునకు పోవుట ఓటమి యెట్లగును? డబుల్స్ వేరొక విద్య. సిరిసిల్ల వారికి దానిని ఒక్క మాటలో చెప్పవచ్చును: ఒకరు పడుగు, ఒకరు పేక. పడుగెంత గట్టిదైనను పేక లేక గుడ్డ కాదు. డబుల్స్‌లో ఒకరు వెనుకగీత చెంత నిలిచి బలముగా కొట్టి ఎదుటివారిని తడబాటునకు గురిచేయగా, ఒకరు వల దగ్గర పొంచి యుండి వచ్చిన బంతిని మెరుపువలె త్రుంచివేయుదురు. తోడివారు తప్పు చేసినప్పుడు ముఖము చిట్లింపక భుజము తట్టుటయు ఆ విద్యలో భాగమే. సానియా ఫోర్‌హ్యాండ్ దెబ్బ సింగిల్స్ నాటినుండియు ప్రఖ్యాతమైనది. దానికి తోడు వల దగ్గర నేర్పరియైన జతగత్తె దొరకవలసి యుండెను.

ఆ జత 2015 మార్చిలో కుదిరెను. స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్ ఒకనాడు ప్రపంచ సింగిల్స్‌ను ఏలిన మహాక్రీడాకారిణి. 2006లో కొరియాలో సానియా చేత ఓడినదియు ఆమెయే. నాటి ప్రత్యర్థులు నేడు తోడుగా నిలిచి ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ అను మూడు పోటీలను వరుసగా గెలిచిరి. దాని ఫలముగా 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానము నలంకరించెను. అంతకుముందు ఏ భారతీయ మహిళకును ఆ స్థానము దక్కలేదు. మొత్తము 91 వారములు ఆమె ఆ స్థానమున నిలిచెను.

ఆ జూలై 11న వింబుల్డన్ అంతిమ క్రీడ జరిగెను. ఎదుటివారు రష్యా జోడి మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు 5-7తో పోయెను. రెండవది 7-6తో దక్కెను. మూడవ సెట్టులో వీరు 2-5తో వెనుకబడిరి. ఇంకొక్క గేము పోయిన కథ ముగియును. అచ్చటినుండి వరుసగా మూడు గేములు గెలిచి 5-5కు తెచ్చిరి. చీకటి పడగా కోర్టుమీది కప్పు మూసి దీపములు వెలిగించిరి. తిరిగి ఆట మొదలిడి 7-5తో గెలిచిరి. అదే సంవత్సరము అమెరికా ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియా ఓపెన్ కూడ వారివే. 2015 ఆగస్టునుండి 2016 ఫిబ్రవరివరకు వరుసగా 41 ఆటలలో వారికి ఓటమి లేదు. ఇంతకుముందే 2014లో బ్రెజిలు దేశస్థుడు బ్రూనో సోరెస్‌తో ఆమె అమెరికా ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి యుండెను. ఈ విధముగా ఆమె గ్రాండ్ స్లామ్ బిరుదములు ఆరు. డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు. డబ్ల్యూ.టి.ఏ. డబుల్స్ బిరుదములన్నియు కలిపి 43.

భారత ప్రభుత్వము ఆమెను 2006లో పద్మశ్రీతోను, 2015లో రాజీవ్ గాంధీ ఖేల్ రత్నతోను, 2016లో పద్మభూషణముతోను గౌరవించెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ప్రభుత్వము ఆమెను రాష్ట్ర ప్రచార ప్రతినిధిగా నియమించెను.

2018 అక్టోబరులో ఆమె తల్లి యయ్యెను. ఇక ఆట ముగిసినదని లోకము తలచెను. కాని 2020 జనవరిలో ఆమె మరల ర్యాకెట్టు పట్టి, ఉక్రెయిన్‌కు చెందిన నాదియా కిచెనోక్‌తో కలసి ఆస్ట్రేలియాలోని హోబార్ట్ పోటీ గెలిచెను. ఆ సంవత్సరమే ఫెడ్ కప్ హార్ట్ పురస్కారము పొందిన తొలి భారతీయురాలై, ఆ పురస్కార ధనమును తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చివేసెను. 2023 జనవరిలో మెల్‌బోర్న్ మిక్స్‌డ్ డబుల్స్ అంతిమ క్రీడలో రోహన్ బోపన్నతో ఆడి ఓడినప్పుడు కన్నీరు పెట్టుకొనెను. చూచుచున్నవారిలో ఆమె కుమారుడును ఉండెను. ఫిబ్రవరిలో దుబాయిలో చివరి పోటీ ఆడెను. మార్చి 5న హైదరాబాదు లాల్‌బహదూర్ టెన్నిసు స్టేడియములో, ఊరివారి యెదుట వీడ్కోలు ఆట ఆడి సెలవు తీసికొనెను. పదునెనిమిదేండ్ల క్రిందట ఆమె సింగిల్స్ బిరుదము గెలిచిన చోటును అదియే.

విజేత విరమించిన పిదప ఏమి మిగులును? ఈ ప్రశ్నకు రుమేనియా అను చిన్న దేశము ఒక సమాధానము చెప్పుచున్నది. 1978లో వర్జీనియా రుజీచి అను రుమేనియా వనిత ఫ్రెంచి ఓపెన్ సింగిల్స్ గెలిచెను. ఆట మానిన తరువాత ఆమె ఇంట కూర్చుండలేదు. సిమోనా హాలెప్ అను బాలిక ప్రతిభను గుర్తించి, ఆమె వ్యవహారములను చూచు బాధ్యత వహించెను. సరిగా నలువదేండ్లకు, 2018లో, హాలెప్ అదే ఫ్రెంచి ఓపెన్ గెలిచెను. 2019లో సెరెనా విలియమ్స్‌ను 6-2, 6-2తో ఓడించి వింబుల్డన్ కూడ గెలిచెను. 2025 ఫిబ్రవరిలో తన దేశములోని క్లూజ్ నగరమున ఆమెయు ఆటకు సెలవు చెప్పెను. ఒక దీపము ఆరకముందే ఇంకొక దీపమును వెలిగింపవలెనని ఆ దేశస్థుల అనుభవము చెప్పుచున్నది. సానియా ఆ దేశస్థురాలితోను జత కట్టెను. 2016లో మోనికా నికులెస్కుతో కలసి అమెరికాలోని న్యూ హేవెన్ పోటీ గెలిచెను.

మన దేశమున ఆ రెండవ దీపము ఇంకను వెలుగవలసి యున్నది. 2023లో సానియా విరమించునాటికి, ఆమె తరువాత సింగిల్స్‌లో ప్రపంచమున మొదటి నూరుగురిలో చేరిన భారతీయ మహిళ మరియొకతె లేదు. ఈ కొరత నెరిగియే ఆమె 2013లో హైదరాబాదు శివారున శిక్షణాలయమును స్థాపించెను. ఆశ లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లో పూనాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలలో భారత జట్టున హైదరాబాదు క్రీడాకారిణులు భమిడిపాటి శ్రీవల్లి రష్మిక, యమలపల్లి సహజ ఆడిరి. శ్రీవల్లి తన సింగిల్స్ ఆటలన్నిటను గెలిచెను.

ఇక ఇచ్చటి మాట. సానియాకు నగరవాసము, మంచి పాఠశాల, వెంట తిరుగగల తల్లిదండ్రులు కలరు. ఇచ్చటి బాలికలలో పెక్కుమందికి అవి లేవు. ఆ భేదమును దాచి అందరును సానియాలు కావచ్చునని చెప్పుట మోసమగును. కాని ఆమెకు లభించినవానిలో ధనముతో కొనలేనిది ఒకటి కలదు: పండ్రెండవ యేటను, పదుమూడవ యేటను ‘ఇక చాలు, ఇంటికి ర’మ్మని ఎవరును అనలేదు. మన పల్లెలలో అనేక బాలికల ఆట సరిగా ఆ వయస్సుననే ఆగిపోవుచున్నది. నిన్నటివరకు ఖోఖోలో మెరుపువలె పరుగెత్తిన బిడ్డ నేడు గడప దాటరాదు. ఎవరును తిట్టరు, ఎవరును కొట్టరు. సాయంకాలము చాట ముందుకు జరుపుదురు, అంతే. ఆ బాలికలో ఏమున్నదో ఆమెకును తెలియదు, ఊరికిని తెలియదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఒక పని చేసినది. చదువుకొనుటకు స్థలము లేనివానికి స్థలము నిచ్చినది. ‘నీవెవరి బిడ్డ’వని అడుగక పుస్తకము నిచ్చినది. ఆటస్థలమును అట్టిదే కావలెను. పాఠశాల వెనుకనున్న జాగాను చదును చేసి, రెండు గుంజలు పాతి, నడుమ వల కట్టి, సాయంకాలము ఒక గంట బాలికలకని విడిచినచో ఖర్చు స్వల్పము. ఆవుపేడ అలికిన నేలమీద ఆరంభమైన ఆట వింబుల్డన్ పచ్చికవరకు పోయినదని ఇంతకుముందే విన్నారు కదా! సానియా 2016లో ఆంగ్లమున తన జీవితకథ ప్రకటించెను. ఆ పుస్తకమును ఈ బీరువాలో చేర్చి, ఆంగ్లమెరిగిన విద్యార్థినులచే తక్కినవారికి చదివి చెప్పించుట రజతోత్సవమునకు తగిన కార్యము.

కుడిచేయి చెడిన దినమున ఆమె ఆట మానలేదు. ఆడు తీరు మార్చుకొనెను. ఒంటరిగా పోలేనిచోటికి తోడుతో పోయెను. నేతవారికి, బీడీ తల్లులకు, పరదేశమున కష్టించు కుటుంబములకు ఈ నీతి క్రొత్తది కాదు. వారి బ్రతుకులే దానికి సాక్ష్యములు. వారి కుమార్తెలకు గూడ ఆ అవకాశమును ఈయవలెననుటయే ఈ ప్రసంగ సారము. ఇరువదియైదేండ్ల పిదప స్వర్ణోత్సవ సభ జరుగునాడు, ఈ ఊరి క్రీడాకారిణి యొకతె ఇదే వేదికనుండి తన కథను తానే చెప్పుకొనుగాక!